టెన్నిస్ షోకేస్‌కు వెళ్లాలా, అదే డబ్బుతో టోర్నమెంట్లు ఆడించాలా? అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్ కోరే కుటుంబాలకు ఎంపిక సలహా

అమెరికా విశ్వవిద్యాలయం జట్టులో టెన్నిస్ ఆడుతూ, ఆ ఆట సంపాదించిపెట్టే స్కాలర్‌షిప్‌తో డిగ్రీ పూర్తి చేయాలన్న కోరిక తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడిన తరువాతే 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచారు. సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడారు. తెలుగు మూలాలున్న నిశేష్ బసవారెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి, 2024 చివర ప్రొఫెషనల్‌గా మారి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండులో జొకోవిచ్ నుంచి ఒక సెట్ గెలుచుకున్నారు. ఇలాంటి దారి ఒకటి ఉందని తెలిసిన తల్లిదండ్రులకు, పిల్లలు తొమ్మిదో పదో తరగతికి వచ్చేసరికి, "కాలేజీ షోకేస్‌కు రండి, పదుల సంఖ్యలో కోచ్‌లు మీ అమ్మాయి ఆటను ప్రత్యక్షంగా చూస్తారు" అనే పిలుపు ఎక్కడో ఒకచోట నుంచి వస్తుంది. ఆ పిలుపును అంగీకరించాలా, లేక అదే డబ్బును, అదే కాలాన్ని మరో మార్గంలో పెట్టాలా అన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం.

నా అభిప్రాయాన్ని ముందే చెప్తాను. కోచ్‌తో పరిచయం అంతకుముందే ఉత్తరాల ద్వారా మొదలై, ఆ కోచ్ ఫలానా షోకేస్‌కు వస్తున్నానని చెప్పిన సందర్భంలో ఆ ప్రయాణం పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుంది. ఏ పరిచయమూ లేకుండా, అక్కడ ఎవరో ఒకరు గుర్తిస్తారన్న ఆశతో వెళ్లడం, ముఖ్యంగా హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో విమానమెక్కి వెళ్లడం, చాలా కుటుంబాలకు సరైన ఎంపిక కాదు. ఎందుకు కాదో కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

షోకేస్‌లో జరిగేది

సాధారణంగా షోకేస్ ఒకటి నుంచి మూడు రోజుల కార్యక్రమం. ఒక విశ్వవిద్యాలయపు కోర్టుల మీదో, పెద్ద అకాడమీలోనో జరుగుతుంది. వచ్చిన పిల్లలను రేటింగ్ ప్రకారం గుంపులు చేసి, ఒక్కొక్కరి చేత కొన్ని చిన్న సింగిల్స్ మ్యాచ్‌లు, ఒకటి రెండు డబుల్స్ మ్యాచ్‌లు ఆడిస్తారు. వచ్చిన కోచ్‌లలో కొందరు కోర్టులో నిలబడి సాధన చేయిస్తారు, మరికొందరు పేరు, స్కూలు పూర్తయ్యే సంవత్సరం, రేటింగ్ రాసి ఉన్న జాబితాను చేతిలో పట్టుకుని కోర్టుల మధ్య తిరుగుతారు. సాయంత్రం తల్లిదండ్రులకు ప్రవేశ విధానం గురించి ఒక ప్రసంగం ఉంటుంది.

రేటింగ్ అంకె చెప్పలేనిది కోచ్ కంటికి కనిపించేది అక్కడే. బంతి బరువుగా వస్తున్నదా, వెనుకబడినప్పుడు కాళ్లు నెమ్మదిస్తున్నాయా, రెండో సర్వీసు మీద నమ్మకముందా అన్నవి పది నిమిషాలలో తెలిసిపోతాయి. ఇలాంటి మ్యాచ్‌లకు సాధారణంగా అంపైర్ ఉండరు కనుక గీత మీద పడిన బంతిని మీ అబ్బాయి ఎలా పిలుస్తాడు, ఎదుటివాడు తప్పుగా పిలిచినప్పుడు ఎలా నిలబడతాడు అన్నది కూడా వాళ్లు గమనిస్తారు. కోర్టు బయట తండ్రి చేసే సైగలను సైతం గమనిస్తారు. నాలుగేళ్లపాటు జట్టులో ఉంచుకోవలసిన మనిషిని ఎంచుకుంటున్నారు కాబట్టి ఇది సహజమే.

డబుల్స్ గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. అమెరికా కాలేజీ జట్ల పోటీలో మొత్తం ఏడు పాయింట్లు ఉంటాయి: ఆరు సింగిల్స్ మ్యాచ్‌లకు ఆరు పాయింట్లు, మూడు డబుల్స్ మ్యాచ్‌లలో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. కాలేజీ క్రీడల్లో పై విభాగమైన డివిజన్ 1లో డబుల్స్ ముందుగా, ఒక్క సెట్‌గా ఆడతారు, గేముల్లో డ్యూస్ దగ్గర అడ్వాంటేజ్ లేకుండా ఒకే పాయింటుతో తేల్చేస్తారు. మన జూనియర్ల సాధనలో డబుల్స్‌కు దక్కే సమయం తక్కువ. వాలీ వేయడం, రిటర్న్‌ను నెట్ దగ్గరి ఆటగాడికి అందకుండా తక్కువ ఎత్తులో పంపడం వచ్చిన పిల్ల షోకేస్‌లో సింగిల్స్ ఓడినా కోచ్ నోట్‌బుక్‌లో మిగులుతుంది. వెళ్లాలని నిర్ణయించుకున్నవారు చివరి రెండు నెలలు డబుల్స్‌కు వారానికి కనీసం రెండు పూటలు ఇవ్వడం మంచిది.

కోచ్ దగ్గర ఉన్న ఖాళీలు

షోకేస్ నిర్వాహకులు ఎంతమంది కోచ్‌లు వస్తారో చెప్తారు గానీ, వాళ్ల జట్లలో ఎన్ని ఖాళీలు ఉన్నాయో చెప్పరు. నిజానికి మీ నిర్ణయం ఆ రెండో సంఖ్య మీదే ఆధారపడాలి.

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ప్రధాన సంఘమైన ఎన్‌సీఏఏ డివిజన్ 1లో పాత నియమం ప్రకారం ఒక పురుషుల జట్టుకు మొత్తం 4.5 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ మాత్రమే ఉండేది, దాన్ని ఎనిమిది తొమ్మిది మందికి ముక్కలుగా పంచేవారు. మహిళల జట్టుకు ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి. అబ్బాయిలకు పావు వంతో సగమో దొరికి, అదే స్థాయి అమ్మాయిలకు పూర్తి స్కాలర్‌షిప్ దొరకడానికి మూలం ఈ తేడాయే. కాలేజీ క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ ఒప్పందంతో, అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టు సంఖ్యకు పరిమితి వచ్చింది. టెన్నిస్‌లో ఆ పరిమితి పది మంది. పది మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఇప్పుడు అనుమతి ఉన్నది, ఇవ్వాలన్న నిర్బంధం మాత్రం లేదు. అదే ఒప్పందం వల్ల విశ్వవిద్యాలయాల డబ్బు అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల వైపు ఎక్కువగా మళ్లుతున్నది. కొన్నిచోట్ల టెన్నిస్ జట్లనే రద్దు చేశారు. దీనికి తోడు, 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఇరవై ఏళ్లు దాటి, కాలేజీ ఆటలో ఆరితేరినవారు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారుతున్నారు. ఖాళీ అయిన ఒక స్థానానికి కోచ్ పద్దెనిమిదేళ్ల కొత్త పిల్లవాడిని తీసుకోవాలా, ఇప్పటికే రెండేళ్లు ఆడి వచ్చినవాడిని తీసుకోవాలా అని ఆలోచించే కాలమిది.

కాబట్టి షోకేస్‌కు వచ్చే కాలేజీల జాబితా చేతికి రాగానే, ప్రతి కాలేజీ క్రీడా వెబ్‌సైట్‌లో జట్టు పేర్లు తెరిచి, మీ అబ్బాయి చేరవలసిన సంవత్సరానికి ముందు ఎంతమంది చివరి ఏడాది పూర్తి చేస్తారో లెక్కపెట్టండి. ఇరవై కాలేజీలకు ఈ పని చేయడానికి ఒక ఆదివారం చాలు. అందులో పద్నాలుగు చోట్ల ఖాళీయే లేదని తేలితే, ఆ షోకేస్ మీకు సంబంధించినంతవరకు ఆరు కాలేజీల షోకేస్ మాత్రమే.

డివిజన్ 1 బయట కూడా చూడాలి. డివిజన్ 2లో పురుషుల జట్టుకు 4.5, మహిళల జట్టుకు 6 స్కాలర్‌షిప్‌ల విలువ ఉంటుంది. ఎన్ఏఐఏ అనే వేరే సంఘపు కాలేజీల్లో ఒక్కో జట్టుకు 5 ఉంటాయి. రెండేళ్ల జూనియర్ కాలేజీల సంఘంలోనూ పై విభాగానికి స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. డివిజన్ 3లోనూ, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ వంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాల్లోనూ ఆటకు స్కాలర్‌షిప్ అన్నదే లేదు. అక్కడ ఆర్థిక సహాయం కుటుంబ ఆదాయాన్ని బట్టి వస్తుంది, డివిజన్ 3 కాలేజీలు చాలావాటిలో చదువులోని ప్రతిభను బట్టి కూడా వస్తుంది. కోచ్ మాట ప్రవేశానికి తోడ్పడవచ్చు. మార్కులు బాగా ఉండి ఆట మధ్యస్థంగా ఉన్న పిల్లలకు డివిజన్ 3 కోచ్‌లు ఎక్కువగా వచ్చే షోకేస్ చాలా ఉపయోగకరం. ఈ విషయం మనవారిలో చాలామంది పట్టించుకోరు, డివిజన్ 1 అన్న పేరు దగ్గరే ఆగిపోతారు. మంచి డివిజన్ 2 జట్టు ఎన్నో డివిజన్ 1 జట్లను ఓడించగలదన్నది ఆ రంగంలో ఉన్నవారందరికీ తెలిసిన సంగతి.

షోకేస్‌కు పోటీగా ఉన్న దారులు

మొదటిది టోర్నమెంట్లు. నేటి కోచ్ ముందుగా చూసేది యూటీఆర్ అనే అంతర్జాతీయ రేటింగ్. అది 1 నుంచి 16.5 వరకు ఉంటుంది. గడిచిన పన్నెండు నెలల్లో ఆడిన మ్యాచ్‌లలో ఇటీవలి ముప్పై వరకు తీసుకుని, ఎదుటివారి స్థాయిని, గెలిచిన గేముల నిష్పత్తిని బట్టి లెక్కిస్తారు. వయసుతో, ఆడామగా తేడాతో దానికి సంబంధం లేదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే ప్రపంచ టెన్నిస్ సంఖ్య అనే మరో కొలత కూడా వాడుకలో ఉంది, దానిలో 40 మొదటి మెట్టు, 1 శిఖరం. సుమారుగా చెప్పాలంటే, పేరున్న డివిజన్ 1 పురుషుల జట్లలో ఆడేవారి యూటీఆర్ 12.5కు పైన, మధ్యస్థ జట్లలో 11 నుంచి 12.5 మధ్య ఉంటుంది. మహిళల్లో పెద్ద జట్లకు 10కి పైన, మధ్యస్థ జట్లకు 8.5 నుంచి 10 మధ్య చూసుకోవచ్చు. మీ అబ్బాయి రేటింగ్ 9 దగ్గర ఉంటే, ఏ షోకేస్‌లో ఎంత అందంగా ఫోర్‌హ్యాండ్ కొట్టినా పెద్ద జట్టు కోచ్ మనసు మారదు. ఆ దశలో డబ్బు షోకేస్ మీద కాక, రేటింగ్‌ను పెంచే మ్యాచ్‌ల మీద పెట్టాలి. అఖిల భారత టెన్నిస్ సంఘం పోటీలు, దేశంలో జరిగే జే30, జే60 స్థాయి అంతర్జాతీయ జూనియర్ పోటీలు, యూటీఆర్ లెక్కకెక్కే స్థానిక పోటీలు ఇందుకు పనికివస్తాయి. పెద్ద అంతర్జాతీయ జూనియర్ పోటీలకు, ఉదాహరణకు ఫ్లోరిడాలో డిసెంబరులో జరిగే ఆరెంజ్ బౌల్‌కు, కాలేజీ కోచ్‌లు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఆ స్థాయికి చేరినవారికి షోకేస్ అవసరమే రాదు.

రెండోది ఉత్తరాలు. కోచ్‌కు నేరుగా మెయిల్ రాయడానికి ఖర్చు లేదు, అయినా ఈ పనినే అందరూ అశ్రద్ధగా చేస్తారు. ఒకే మెయిల్‌ను వంద మందికి పంపితే దాన్ని ఎవరూ చదవరు. కాలేజీ పేరు, కోచ్ పేరు సరిగా రాసి, ఆ జట్టు గత సీజన్ గురించి ఒక వాక్యం చేర్చి, యూటీఆర్ లింకు, పదో తరగతి మార్కులు, స్కూలు పూర్తయ్యే సంవత్సరం, కుటుంబం ఏటా ఎంత భరించగలదో సూచిస్తూ ఒక మాట, ఒక వీడియో లింకు పెట్టాలి. వీడియోలో కెమెరా బేస్‌లైన్ వెనుక, కొంచెం ఎత్తులో ఉండాలి. స్ట్రోకులు రెండు మూడు నిమిషాలు చాలు, ఆ తరువాత కోతలు లేని మ్యాచ్ భాగం ఒకటి, ఓడిన పాయింట్లతో సహా ఉంచాలి. నేపథ్య సంగీతం అవసరం లేదు. ఉత్తరం పిల్లలే రాయాలి. తండ్రి రాసిన ఉత్తరాన్ని కోచ్ వెంటనే గుర్తుపడతారు, అది మేలు చేయదు.

మూడోది ఒక విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలో తానే నడిపే శిబిరం. ఎన్‌సీఏఏ నియమం ప్రకారం అది సంఖ్య, వయసు, తరగతి, ఆడామగా వంటి పరిమితులకు లోబడి అందరికీ తెరిచి ఉండాలి. కాబట్టి శిబిరానికి ఆహ్వానం వచ్చిందంటే మీ అమ్మాయిని ఎంపిక చేసుకున్నారని అర్థం కాదు, ఆ మెయిల్ వేలమందికి వెళ్లి ఉంటుంది. అయితే ఆ కాలేజీయే మీ మొదటి కోరిక అయి, కోచ్ ఇంతకుముందే సమాధానమిచ్చి ఉంటే, ఇరవై మంది కోచ్‌లు చెరో పది నిమిషాలు చూసే షోకేస్ కంటే ఒకే కోచ్ మూడు రోజులు దగ్గరుండి చూసే శిబిరం మేలు. డివిజన్ 2లో, ఎన్ఏఐఏలో ఇంకో సౌకర్యం ఉన్నది: ప్రాంగణానికి పిలిపించి ఆడించి చూసే అవకాశాన్ని అక్కడి నియమాలు ఇస్తాయి. డివిజన్ 1లో అది నిషిద్ధం.

నాలుగోది మధ్యవర్తి సంస్థలు. మన దేశంలో కూడా ఇవి సొంతంగా షోకేస్‌లు నడుపుతాయి. ఆటను చిత్రీకరించి కోచ్‌లకు పంపుతాయి, కొన్నిసార్లు ఒకరిద్దరు కోచ్‌లను రప్పిస్తాయి. విదేశీ ప్రయాణం తప్పుతుంది కాబట్టి ఇవి చౌకగా కనిపిస్తాయి. కానీ అక్కడికి కోచ్ స్వయంగా వస్తున్నారా, లేక వచ్చేది కేవలం కెమెరాయేనా అని తేల్చుకోకుండా రుసుము కట్టకండి. కెమెరా మాత్రమే అయితే ఆ వీడియోను మీ ఊరి కోర్టులోనే తీసుకోవచ్చు. ఇంకొక విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పిల్లవాడికి వచ్చే స్కాలర్‌షిప్‌లో వాటా అడిగే సంస్థతో, లేదా స్కాలర్‌షిప్‌తో సీటు వస్తేనే రుసుము అనే ఒప్పందంతో పని పెట్టుకోకూడదు. అటువంటి ఒప్పందం ఉన్న సంస్థను ఎన్‌సీఏఏ ఏజెంటుగా పరిగణిస్తుంది, పిల్లవాడి ఆడే అర్హతే ప్రమాదంలో పడుతుంది. ఫలితం వస్తేనే డబ్బు అన్న షరతు వినడానికి న్యాయంగా ఉంటుంది, అందుకే చాలామంది ఈ ఉచ్చులో పడతారు. ముందుగా నిర్ణయించిన స్థిరమైన రుసుము మాత్రమే నియమానికి సరిపోతుంది.

డబ్బు లెక్క

హైదరాబాద్ నుంచి ఒక పిల్లవాడు, తోడుగా తల్లి లేక తండ్రి వేసవిలో వారం రోజులు వెళ్లి వస్తారని అనుకుందాం. ఇద్దరి విమాన టికెట్లు రూ. 2.4 లక్షలు, సందర్శకుల వీసా దరఖాస్తుకు ఒక్కొక్కరికి 185 డాలర్లు, ఏడు రాత్రుల బసకు రోజుకు 130 డాలర్లు, తిండికి, అద్దె కారుకు రోజుకు 100 డాలర్లు, షోకేస్ రుసుము 600 డాలర్లు అని వేసుకుని, డాలరుకు 88 రూపాయలుగా లెక్కిస్తే మొత్తం సుమారు రూ. 4.67 లక్షలు అవుతుంది. ఇవి నేను లెక్క కోసం పెట్టిన అంకెలు, మీ తేదీలను, నగరాన్ని బట్టి మారతాయి. దేశంలో ఒక టోర్నమెంటు వారానికి ప్రయాణం, బస, ఎంట్రీ ఫీజు, తోడు మనిషి ఖర్చుతో కలిపి రూ. 35 నుంచి 40 వేలు అనుకుంటే, అదే సొమ్ముతో పన్నెండు వారాలు ఆడవచ్చు. పన్నెండు వారాలంటే ముప్పైకి పైగా మ్యాచ్‌లు ఆడే వీలుంది, అంటే యూటీఆర్ మొత్తాన్నే కొత్తగా రాసుకునే అవకాశం. రేటింగ్ ఇంకా పెరిగే దశలో ఉన్న పదహారేళ్లవారికి ఈ పోలికలో టోర్నమెంట్లదే పైచేయి అని నేను సందేహం లేకుండా చెప్తాను.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబానికి ఈ లెక్క పూర్తిగా వేరు. నాలుగు గంటలు కారు నడిపితే చేరే షోకేస్‌కు రుసుము, రెండు రాత్రుల బస కలిపి వెయ్యి డాలర్ల లోపు సరిపోతుంది, వీసా బెడద లేదు, స్కూలు పోదు. వాళ్లకు నా సలహా కొంత ఉదారంగా ఉంటుంది: కాలేజీల జాబితా సరిపోతే పదకొండో తరగతి వేసవిలో ఒకసారి వెళ్లండి. అయినా అదే సంవత్సరం మూడు షోకేస్‌లకు వెళ్లడంలో అర్థం లేదు. ఒకే ప్రాంతంలో జరిగేవాటికి వచ్చేవారు చాలావరకు అవే కాలేజీలవారు.

వయసు, చదువు, క్యాలెండర్

డివిజన్ 1 కోచ్‌లు టెన్నిస్‌లో పిల్లలతో ప్రవేశం గురించి మాట్లాడటానికి పదో తరగతి పూర్తయిన తరువాత వచ్చే జూన్ 15 వరకు ఆగాలి. విశ్వవిద్యాలయం ఖర్చుతో జరిగే అధికారిక సందర్శనలు పదకొండో తరగతి మొదలయ్యే ముందు ఆగస్టు 1 నుంచి మొదలవుతాయి. తొమ్మిదో తరగతిలో షోకేస్‌కు వెళితే కోచ్ చూడగలరే తప్ప మనసులోని మాట చెప్పలేరు, మీకు సమాధానం లేని మౌనం మిగులుతుంది. ఆ మౌనాన్ని తిరస్కారంగా భావించి కుంగిపోయే పిల్లలు ఉన్నారు. భారత్ నుంచి వెళ్లేవారు జూన్ 15 తేదీ దాటకముందు ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

మన క్యాలెండరుతో ఇక్కడ ఒక చిక్కు ఉంది. షోకేస్‌లు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు వరకు, తరువాత డిసెంబరు సెలవుల్లో జరుగుతాయి, ఎందుకంటే జనవరి నుంచి మే వరకు కోచ్‌లు తమ జట్ల పోటీలతో తీరిక లేకుండా ఉంటారు. జూన్‌లో మన ఇంటర్మీడియట్ తరగతులు మొదలవుతాయి, హాజరు గురించి జూనియర్ కాలేజీలు పట్టుబడతాయి. ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తయ్యాక వచ్చే జూన్, జులై నెలలు ఒక్కటే చాలామందికి అనువైన వ్యవధి. ఆ సమయానికి కాలేజీలో ముందే లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి.

అంతకంటే ముఖ్యమైనది అర్హత. డివిజన్ 1లో ఆడాలంటే తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు 16 ప్రధాన పాఠ్యాంశాలు ఉండాలి: ఇంగ్లిష్ నాలుగేళ్లు, గణితం మూడేళ్లు, సైన్సు రెండేళ్లు, ఈ మూడింటిలో ఏదో ఒకటి మరో ఏడాది, సాంఘిక శాస్త్రం రెండేళ్లు, అదనంగా నాలుగు. వాటిలో సగటు, 4 పాయింట్ల కొలమానంలో, 2.3కు తగ్గకూడదు. ఎంపీసీ తీసుకున్న విద్యార్థికి ఇంటర్‌లో సాంఘిక శాస్త్రం ఉండదు, కనుక తొమ్మిది, పది తరగతుల్లోని సాంఘిక మార్కులే ఆ రెండేళ్ల లెక్కకు ఆధారమవుతాయి. ఆట కోసం తొమ్మిదో తరగతి బడి మానేసి, తరువాత ఏదో ఒక విధంగా పది కట్టించే పద్ధతి మన అకాడమీల చుట్టూ మామూలైపోయింది. అలా చేసినవారు షోకేస్ టికెట్ కొనేముందే ఎన్‌సీఏఏ అర్హతా కేంద్రంలో పేరు నమోదు చేసుకుని, తమ మార్కుల జాబితాలు చెల్లుతాయో లేదో తేల్చుకోవాలి. కోచ్ ఇష్టపడి, అర్హత దగ్గర ఆగిపోవడం కంటే బాధాకరమైనది ఇంకొకటి లేదు. పన్నెండో తరగతి తరువాత ఏడాది విరామం తీసుకుని ఆడాలనుకునేవారికి కూడా ఒక హెచ్చరిక: డివిజన్ 1 టెన్నిస్ నియమం చాలాకాలంగా స్కూలు పూర్తయ్యాక ఆరు నెలల వెసులుబాటు మాత్రమే ఇచ్చింది, ఆ తరువాత పోటీల్లో ఆడితే ఆడే సంవత్సరాలు తగ్గుతాయి. అర్హతా నియమాలు ఈ మధ్య తరచుగా మారుతున్నందున ఆ ఏటి నియమావళిని నేరుగా చూసుకోవాలి.

ఎవరికి ఏది

యూటీఆర్ తమ లక్ష్యమైన జట్ల స్థాయికి రెండు పాయింట్లు తక్కువగా ఉన్నవారు షోకేస్ ఆలోచనను ఒక ఏడాది వాయిదా వేసి టోర్నమెంట్లు ఆడాలి. రేటింగ్ ఆ స్థాయికి స్పష్టంగా మించినవారికి ఉత్తరాలే చాలు. డివిజన్ 1 టెన్నిస్‌లో సగానికి పైగా ఆటగాళ్లు విదేశీయులే కాబట్టి, వీడియో చూసి, ఫోనులో మాట్లాడి జట్టులోకి తీసుకోవడం అక్కడి కోచ్‌లకు అలవాటైన పనే.

షోకేస్ వల్ల నిజంగా లాభపడేవారు ఈ రెండు వర్గాల మధ్య ఉన్నవారు. రేటింగ్ సరిహద్దులో ఉంది, కానీ శరీరం ఈ ఏడాదే పెరిగి ఆట వేగం పుంజుకుంది, ఆ మార్పు అంకెలో ఇంకా కనిపించడం లేదు. లేదా గాయంతో ఆరు నెలలు ఆడక రేటింగ్ పాతబడింది. లేదా డబుల్స్ ఆట సింగిల్స్ కంటే చాలా బాగుంది. అంకె చెప్పని విషయం చెప్పవలసి ఉన్నవారికి ప్రత్యక్షంగా కనిపించడం వల్ల ప్రయోజనం ఉంటుంది. అలాంటి పిల్లవాడు నలభై ఉత్తరాలు రాస్తే, ఎనిమిది మంది కోచ్‌లు సమాధానమిచ్చి, అందులో నలుగురు ఒకే షోకేస్‌కు వస్తున్నారని తేలితే, హైదరాబాద్ నుంచి కూడా నేను వెళ్లమనే చెప్తాను. ఒక్కరు కూడా సమాధానమివ్వకపోతే, లోపం ఉత్తరంలో ఉందో, రేటింగ్‌లో ఉందో ముందు చూసుకోవాలి.

నిర్వాహకులను అడగవలసినవి కొన్ని ఉన్నాయి. గత ఏడాది ఏ కాలేజీల నుంచి ఎవరు వచ్చారు, వచ్చింది ప్రధాన కోచా, సహాయకుడా? ఈ ఏడాది ఖరారైనవారు ఎవరు, "ఆహ్వానించినవారు" ఎవరు? ఈ రెండు మాటల మధ్య తేడాను ప్రకటనలు తరచుగా కలిపేస్తాయి. కోచ్‌ల సంఖ్యకు పిల్లల సంఖ్య ఎంత, ఎన్ని మ్యాచ్‌లు హామీ ఇస్తారు, ఫలితాలు యూటీఆర్‌కు చేరతాయా? వీసా రాకపోతే రుసుము తిరిగి ఇస్తారా? వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఈ చివరి ప్రశ్నకు సమాధానం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంటర్వ్యూలో ప్రయాణ కారణాన్ని ఉన్నదున్నట్టుగా, షోకేస్ కాగితాలు చూపించి చెప్పాలి.

వెళ్లేవారు కనీసం నాలుగైదు రోజులు ముందు చేరాలి. అమెరికా తూర్పు తీరంతో మనకు వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, మూడో రోజు మధ్యాహ్నం కూడా కాళ్లు బరువెక్కుతాయి. ఆ ముందు రోజులను సమీపంలోని రెండు మూడు ప్రాంగణాలు సొంత ఖర్చుతో చూడటానికి వాడుకుంటే, హాస్టల్ ఎలా ఉంది, జట్టు పిల్లలు చదువు గురించి ఏమంటున్నారు, చలికాలంలో లోపల ఆడే కోర్టులు ఉన్నాయా అన్నవి మీ కళ్లతో తెలుసుకుంటారు. నా దృష్టిలో విదేశీ ప్రయాణానికి పెట్టిన ఖర్చులో సగం విలువ ఈ సందర్శనల్లోనే ఉంది.

తిరిగి వచ్చిన రెండు రోజుల్లో, మాట్లాడిన ప్రతి కోచ్‌కు పిల్లవాడే స్వయంగా ఒక చిన్న మెయిల్ రాయాలి, ఆ కోచ్ చెప్పిన ఒక సూచనను అందులో ప్రస్తావించాలి. ఎవరైనా ప్రతిపాదన చేస్తే అడగవలసిన మొదటి ప్రశ్న స్కాలర్‌షిప్ ఎంత శాతమని కాదు, ట్యూషన్, బస, భోజనం, ఆరోగ్య బీమా అన్నీ కలిపి ఏటా ఇంటి నుంచి కట్టవలసింది ఎంత అని. రెండో ప్రశ్న, ఆ సహాయం ఒక ఏడాదికా, నాలుగేళ్లకా, గాయమైతే ఏమవుతుంది అని. ఫలానా కాలేజీలోనే చేరతానని ఆటగాడు సంతకం చేసే పాత జాతీయ అంగీకార పత్రం విధానం 2024 అక్టోబరులో రద్దయింది, ఇప్పుడు విశ్వవిద్యాలయం ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందమే చేతికి వచ్చే కాగితం. ఆ కాగితంలో ఈ రెండు ప్రశ్నలకూ సమాధానాలు అంకెల్లో కనిపించేవరకు మిగతా కోచ్‌లతో ఉత్తరాలు ఆపకూడదు.